మేఫ్లవర్ ఓడలో వచ్చిన ఎలిజబెత్ ఎవరి కూతురు?

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రికార్డులతో సహవాసం చేసినవాళ్ళం మనం. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ ఒక విధంగా, స్కూలు సర్టిఫికెట్టులో మరో విధంగా ఉంటే ఎన్ని తంటాలు పడాలో, భార్య పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే ఫ్యామిలీ పెన్షను ఎంతకాలం ఆగుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. సరిగ్గా అటువంటి తకరారే అమెరికాలో ఒక పాత కుటుంబానికి వచ్చింది. తరతరాలుగా చెప్పుకొన్న మాట, రాతి మీద కూడా చెక్కించిన మాట, ఒక పాత రాతప్రతిలోని రెండు మూడు వాక్యాలతో తప్పని తేలింది. మన సభ్యులలో చాలామంది పిల్లలు, మనుమలు ఇప్పుడు ఆ దేశంలోనే ఉన్నారు కనుక, అక్కడివారు తమ వంశాన్ని ఎలా వెతుక్కుంటారో తెలుసుకోవటం బాగుంటుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఓడ ప్రయాణం, మొదటి చలికాలం

ఇంగ్లండులో ప్రభుత్వ చర్చి పద్ధతులు నచ్చక విడిపోయి, కొంతకాలం హాలండులో తలదాచుకొన్నవారు కొందరు, లండను ప్రాంతం నుంచి వచ్చినవారు కొందరు, మొత్తం 102 మంది 1620 సెప్టెంబరులో మేఫ్లవర్ అనే ఓడలో అమెరికాకు బయలుదేరారు. వారిలో జాన్ కార్వర్ పెద్దమనిషి. తరువాత ఆ వలసకు మొదటి గవర్నరు అయ్యాడు. ఆయన దగ్గర పనివాడుగా వచ్చిన యువకుడు జాన్ హౌలాండ్. నడిసముద్రంలో తుపాను వచ్చినప్పుడు ఇతడు ఓడ మీది నుంచి నీళ్ళలో పడిపోయాడు. అదృష్టవశాత్తు నీళ్ళలో వేలాడుతున్న తెరచాప తాడొకటి చేతికి చిక్కింది. దాన్ని వదలకుండా పట్టుకొంటే పైవాళ్ళు లాగి బ్రతికించారు.

అదే ఓడలో జాన్ టిల్లీ అనే ఆయన, భార్య జోన్, పదమూడేళ్ళ కూతురు ఎలిజబెత్ వచ్చారు. టిల్లీ తమ్ముడు ఎడ్వర్డు, అతని భార్య కూడా ఉన్నారు. నవంబరులో ఒడ్డు చేరారు. చలి, జబ్బులు, తిండిలేమి కారణంగా ఆ మొదటి శీతాకాలంలోనే వచ్చినవారిలో సుమారు సగంమంది చనిపోయారు. ఎలిజబెత్ తల్లిదండ్రులు, చిన్నాన్న, పిన్ని నలుగురూ పోయారు. 1621 వసంతంలో గవర్నరు కార్వర్, కొద్ది వారాలకు ఆయన భార్య కూడా కన్నుమూశారు. పరాయిదేశంలో ఆ పిల్ల ఒంటరిగా మిగిలింది. కొన్నేళ్ళకు జాన్ హౌలాండ్‌ను పెళ్ళాడింది. వారికి ఆరుగురు ఆడపిల్లలు, నలుగురు మగపిల్లలు కలిగారు. పదిమందీ పెరిగి పెద్దవారై సంసారాలు చేశారు. అమెరికా అధ్యక్షులు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, బుష్ తండ్రీకొడుకులు ఈ దంపతుల సంతతివారే.

కుటుంబంలో నిలిచిపోయిన మాట

కాలక్రమేణా హౌలాండ్ వంశంలో ఒక మాట స్థిరపడింది. ఎలిజబెత్ గవర్నరు కార్వర్ కూతురని. హౌలాండ్ కార్వర్ ఇంట ఉన్నాడు, పెళ్ళాడింది ఆ ఓడలో వచ్చిన పిల్లనే. ఈ రెండూ కలిసి అటువంటి మాట పుట్టి ఉంటుంది. పైగా పేరులేని టిల్లీ మనుమలమని చెప్పుకోవటం కంటే గవర్నరు మనుమలమని చెప్పుకోవటంలో గౌరవం ఉన్నది కదా! పుస్తకాలలో కూడా అదే ఎక్కింది. ప్లిమత్ పట్టణంలో శ్మశానం ఉన్న గుట్ట మీద హౌలాండ్ పేర 19వ శతాబ్ది మొదటి భాగంలో నిలబెట్టిన రాతిపలక మీద కూడా కార్వర్ కూతురిని పెళ్ళాడాడనే చెక్కించారు. పాపం, టిల్లీ దంపతులు ఏ దేశంలో ప్రాణాలు విడిచారో, ఆ దేశంలోనే తమ బిడ్డకు తల్లిదండ్రులు కాకుండా పోయారు.

పోయిన ప్రతి దొరికిన తీరు

కార్వర్ తరువాత గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్ 1630 నుంచి ఆ వలస చరిత్రను స్వదస్తూరీతో రాసి పెట్టాడు. చివర ఒక జాబితా చేర్చాడు. మేఫ్లవర్‌లో వచ్చిన ప్రతి కుటుంబం పేరు, ఎవరు ఎప్పుడు పోయారు, ముప్పై ఏళ్ళ తరువాత ఎవరికి ఎందరు సంతానం ఉన్నారు అన్నీ అందులో ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే అది ఆ వలసకు నామినల్ రోల్. ఈ రాతప్రతి బోస్టన్‌లో ఒక చర్చి గోపురంలోని పుస్తకాల గదిలో ఉండేది. 18వ శతాబ్ది చివర స్వాతంత్ర్య యుద్ధకాలంలో అది కనబడకుండా పోయింది.

1855లో బోస్టన్‌లోని చరిత్రకారులు ఇంగ్లండులో అచ్చయిన ఒక చర్చి చరిత్ర చదువుతుండగా కొన్ని వాక్యాలు బ్రాడ్‌ఫర్డ్‌వేనని గుర్తుపట్టారు. అవి లండన్ బిషప్పుగారి ఫుల్హామ్ భవనంలోని రాతప్రతి నుంచి తీసుకొన్నవని ఆ పుస్తకంలోనే ఉన్నది. వెంటనే లండనుకు ఉత్తరం వెళ్ళింది. అక్కడి పబ్లిక్ రికార్డు ఆఫీసు ఉద్యోగి జోసెఫ్ హంటర్ వెళ్ళి చూసి, బ్రాడ్‌ఫర్డ్ రాసిన ఒక ఉత్తరంతో దస్తూరీ పోల్చి, అదే ప్రతి అని ఖాయం చేశాడు. 1856లో పుస్తకంగా అచ్చయింది. అసలు ప్రతిని 1897లో మసాచుసెట్స్ రాష్ట్రానికి తిరిగి ఇచ్చారు. ఇప్పుడు బోస్టన్‌లోని రాష్ట్ర గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది.

ఆ జాబితాలో కార్వర్‌కు పిల్లలున్నట్టు లేనే లేదు. జాన్ టిల్లీ, అతని భార్య, వారి కూతురు ఎలిజబెత్ అని స్పష్టంగా ఉన్నది. తల్లిదండ్రులిద్దరూ ఒడ్డు చేరిన కొద్దిరోజులకే చనిపోయారని, ఎలిజబెత్ హౌలాండ్‌ను పెళ్ళాడిందని, పదిమంది పిల్లలూ బ్రతికే ఉన్నారని ఉన్నది. ఇంకేమి కావాలి? ఇప్పుడు ప్లిమత్‌లో హౌలాండ్ పేర ఉన్న రాయి మీద భార్య జాన్ టిల్లీ కూతురనే ఉన్నది.

ఒక కాగితానికి మరో కాగితం సాక్ష్యం

ఒక్క కాగితం చూసి కేసు మూసెయ్యకూడదని మనకు తెలుసు. వంశావళి వెతికేవారూ అలాగే చేశారు.

మొదటిది, పశువుల పంపకం కాగితం. 1627 మే నెలలో ప్లిమత్ వారు ఉమ్మడిగా ఉన్న పశువులను పంచుకొన్నారు. మొత్తం 156 మందిని పదముగ్గురేసి చొప్పున పన్నెండు వాటాలు చేసి, ఒక్కొక్కరి పేరూ రాశారు. నాలుగో వాటాలో జాన్ హౌలాండ్, భార్య ఎలిజబెత్, పిల్లలు జాన్, డిజైర్ ఉన్నారు. వారి వాటాకు జేకబ్ అనే ఓడలో వచ్చిన నాలుగు పెయ్యలలో రాగ్‌హార్న్ అనే పెయ్య వచ్చింది. వీరి పెళ్ళి తేదీ ఏ రిజిస్టరులోనూ లేదు. కాని ఈ పశువుల కాగితం వలన అప్పటికే ఇద్దరు పిల్లలున్నారని, కనుక పెళ్ళి అంతకు కొన్నేళ్ళ ముందే జరిగిందని తెలిసింది.

రెండవది, వీలునామాలు. హౌలాండ్ 1672 మే నెలలో రాసిన వీలునామాలో కొడుకులతోబాటు ఆరుగురు కూతుళ్ళనూ అత్తింటి ఇంటిపేర్లతో సహా పేర్కొన్నాడు. గోర్హామ్, చిప్మన్, డికిన్సన్, బ్రౌన్, బోస్వర్త్, కుష్మన్ అని. ఆడపిల్లల తరువాతి తరాలు ఎటు వెళ్ళాయో వెతకటానికి ఈ ఒక్క కాగితమే దారి చూపింది. ఎలిజబెత్ కూడా 1686 డిసెంబరులో స్వాన్సీ అనే ఊరిలో వీలునామా రాసింది. అందులో తనకు 79 ఏళ్ళని చెప్పుకొన్నది. మరుసటి సంవత్సరం డిసెంబరులో కన్నుమూసింది.

మూడవది, ఇంగ్లండు చర్చి రిజిస్టరు. అక్కడ 1538 నుంచి ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసిపెట్టాలని ఉత్తర్వు ఉన్నది. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని హెన్లో గ్రామం రిజిస్టరులో జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్ బాప్తిస్మం 1607 ఆగస్టు 30న జరిగినట్టు ఉన్నది. టిల్లీల ఇంగ్లండు మూలాలను రాబర్ట్ లీ వార్డ్ అనే పరిశోధకుడు 1976లో ప్రకటించాడు. 1607కు 79 కలిపితే 1686! ముసలమ్మ చెప్పిన వయసు, సముద్రం అవతల గ్రామంలో రాసిన తేదీ సరిగ్గా కలిశాయి. ఇంతకంటే మంచి వెరిఫికేషను ఏ ఆఫీసులో జరుగుతుంది?

తేదీల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ రోజుల్లో ఇంగ్లీషువారి సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. హౌలాండ్ చనిపోయింది ఆనాటి లెక్కలో 1672 ఫిబ్రవరి 23. మన లెక్కలో అది 1673. వీలునామా రాసింది మే 1672లో కనుక, ఇది తెలియనివాడు చనిపోయిన తరువాత వీలునామా రాశాడని అనుకొని దొంగ కాగితంగా కొట్టేస్తాడు. బ్రిటిషువారు 1752లో గాని కొత్త క్యాలెండరుకు మారలేదు.

పేరు లేనివారు

అమెరికాలో అందరికీ ఈ భాగ్యం లేదు. బ్రాడ్‌ఫర్డ్ జాబితాలోనే కార్వర్ ఇంటి పనిపిల్ల ఒకతె ఉన్నది. పెళ్ళి చేసుకొని, ఒకటి రెండేళ్ళకు చనిపోయిందని రాశాడుగాని, పేరు రాయలేదు. అదే ఇంటి పనివాడైన హౌలాండ్ పేరు రాశాడు గనుక ఈనాడు అతని సంతతి అంతా తెలిసింది.

అంతకంటే పెద్ద అన్యాయం మరొకటి. ఆ దేశంలో 1790 నుంచి పదేళ్ళకొకసారి జనాభా లెక్కలు తీస్తున్నారు. 1840 వరకు ఇంటి యజమాని పేరే రాసేవారు. 1850 నుంచి అందరి పేర్లు రాయటం మొదలుపెట్టారు. కాని 1850, 1860లలో బానిసలుగా ఉన్న నల్లవారికి వేరే పట్టికలు పెట్టి, యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాశారు. పేరుకు గడి లేదు. 1870 లెక్కల్లోగాని లక్షలమంది పేర్లు మొదటిసారి కాగితం మీదికి రాలేదు. ఈనాడు వారి మునిమనుమలు 1870 దాకా వెళ్ళి అక్కడ గోడకు తగిలినట్టు ఆగిపోతారు. యజమానుల వీలునామాలలో, అమ్మకపు పత్రాలలో పశువులతోబాటు ఆస్తిగా రాసిన పేర్లలో తమవారిని వెతుక్కొంటున్నారు. రాగ్‌హార్న్ అనే పెయ్యకు దక్కిన పాటి పేరు మనిషికి దక్కకపోవటం ఎంత దారుణం!

మన సంగతి

ఇవన్నీ చదివినప్పుడు మన ఇళ్ళ సంగతి ఆలోచించక తప్పదు. తద్దినం పెట్టే ఇళ్ళలో మూడు తరాల పేర్లు చెప్పుకొంటారు. నాలుగో తరం అడిగితే తడబడతారు. ఇక మన నాయనమ్మల, అమ్మమ్మల పుట్టింటి ఇంటిపేరు ఎందరికి తెలుసు? పెళ్ళితో ఇంటిపేరు మారిపోయే మన ఆడవాళ్ళందరూ ఒక విధంగా ఎలిజబెత్ టిల్లీలే. వారు ఎవరి బిడ్డలో చెప్పగలవారు మన తరంతో సరి.

కనుక సభ్యమిత్రులకు నా మనవి. ఒక లావుపాటి నోటుబుక్కు తీసుకొని, మీకు తెలిసినంతవరకు పేర్లు, ఊళ్ళు, సంవత్సరాలు రాయండి. ఆడవారికి పుట్టింటి ఇంటిపేరు తప్పక రాయండి. కళ్ళారా చూసినది ఏదో, విన్నది ఏదో విడిగా గుర్తు పెట్టండి. విన్నదైతే ఎవరు చెప్పారో రాయండి. పాత దస్తావేజులు, శుభలేఖలు, ఉత్తరాలు చిత్తు కాగితాలవారికి వెయ్యకండి. ఇంట్లో పనిచేసి పోయినవారు, బాల్యంలో పోయిన పిల్లలు కూడా ఆ పుస్తకంలో ఉండాలి. రాసినదానికి రెండు నకళ్ళు తీయించి, ఒకటి ఊళ్ళో ఉన్న పిల్లలకు, ఒకటి విదేశంలో ఉన్న పిల్లలకు ఇవ్వండి. ముప్పై ఏళ్ళు ఇతరుల రికార్డు రాశాం. మన ఇంటి రికార్డు రాయటానికి ఇప్పుడు తీరిక ఉన్నది.