కాంక్రీటు మూసల కథ

కాంక్రీటు ద్రవముగా పుట్టి శిలగా మాఱు వస్తువగుటచే, అది గట్టిపడు దాక మోసి నిలుపు మూస లేనిదే యే కప్పును నిలువదు. మేస్త్రీలు దినముల తరబడి సెంట్రింగు కొట్టి, స్లాబు ఆరిన పిమ్మట దానిని విప్పివేయుట మనమెల్లరము చూచుచున్నదే. విప్పివేయబడు ఈ భాగమును తప్పించుటకో తగ్గించుటకో జరిగిన ప్రయత్నములే కాంక్రీటు శిల్పమునకు అసలైన చరిత్రయని నా యభిప్రాయము.

1951లో రోము నగరమున గాట్టి ఉన్నిమిల్లునకు ఇటలీ ఇంజనీరు పియెర్ లుయీజి నెర్వి వేసిన కప్పును క్రిందినుండి చూచువారికి, స్తంభశిరస్సుల నుండి బయలుదేరి వంపులు తిరుగుచు నొండొంటిని దాటిపోవు సన్నని దూలములు కానవచ్చును. అవి అలంకారములు గావు. బరువు వలన పలకలో పుట్టు బలములు నడచు రేఖలనే యవి యనుసరించినవి. ఇట్టి వంపులను కొయ్యతో మూసలుగా చెక్కించుట దుర్భరమగు ఖర్చు కావున, నెర్వి సన్నని ఇనుప వలలకు సిమెంటు గార పూయించి తేలికయైన మూసలు చేయించి, వానినే యొక అర నుండి మఱియొక అరకు జరుపుచు మరల మరల వాడెను. కాని ఐరోపాలో కూలిరేట్లు పెరిగినకొలది ఇంతటి నేర్పు భారమై, అవసరము లేని చోటను కాంక్రీటు నింపి చదునైన స్లాబు వేయుటయే చౌకయయ్యెను.

ప్రపంచమున మానవులు వెలువరించు బొగ్గుపులుసు వాయువులో సుమారు 8 శాతము సిమెంటు పరిశ్రమదేయని తేలిన పిమ్మట ఆ చౌకతనము మఱియొక విధముగా కనబడజొచ్చెను. స్విట్జర్లండులోని డ్యూబెన్‌డార్ఫున 2019లో తెఱువబడిన డీఫాబ్ హౌసను ప్రయోగ గృహము కొఱకు జ్యూరిక్ ఇ.టి.హెచ్. విద్యాపీఠ పరిశోధకులు ఇసుకను పొరపొరగా పఱచి, కంప్యూటరు నిర్దేశించిన చోటులందు మాత్రమే జిగురు చిలికించి మూసలు తయారుచేసిరి. వానిపై పోసిన కప్పు కొన్నిచోట్ల 20 మిల్లీమీటర్ల మందమే. 2021లో ఇ.టి.హెచ్. వారే సహకారులతో వెనీసున నిలిపిన స్ట్రయాటస్ వంతెనలో మూసయే లేదు: యంత్రము పొరలుగా పోసిన 53 కాంక్రీటు దిమ్మెలను నడుమ సున్నము, సిమెంటు లేకుండ, లోపల ఇనుము పెట్టకుండ, ఆర్చివలె పేర్చిరి. ప్రతి పొరయు తనపై పడు నొత్తిడికి అడ్డముగా నుండునట్లు వంచి పోయుటయే అందలి మర్మము.

2023లో సిద్దిపేట దాపున బూరుగుపల్లిలో మోదకాకృతిగల గర్భగృహముతో, ఇట్లే యంత్రము పొరలుగా పోసి ముద్రించిన దేవాలయము లేచినది. అయితే ఈ పద్ధతిలో మిశ్రమము సన్నని నాజిలు గుండా దూరవలసియుండుటచే పెద్ద కంకర కలుపుటకు వీలులేక సిమెంటు పాలు హెచ్చును; కావున ఆకారముచేత పదార్థమును ఆదా చేయక, గోడను యథాతథముగా ముద్రించినంత మాత్రమున లాభము లేదు. కాల్చిన బంకమట్టిని, సున్నపురాతి పొడిని సిమెంటులో కొంత పాలునకు బదులుగా వాడు మిశ్రమములపై లోజాన్ విద్యాపీఠమును మన ఐ.ఐ.టి.లును కలసి చేసిన పరిశోధన ఈ లోటును పూడ్చు దారులలో నొకటి.