శస్త్రము – నియమము: దండకారణ్య సీమలో సాము విద్య

శ్రీరామచంద్రాయ నమః.

భద్రాచల క్షేత్రంలో కొలువైన వైకుంఠరాముడు చతుర్భుజుడు. శంఖచక్రాలతో పాటు ధనుర్బాణాలను ధరించి, సీతాదేవిని వామాంకంపై ఆసీనురాలిని చేసుకొని దర్శనమిస్తాడు. కోదండపాణి అంకంపై వెలసిన ఆ తల్లియే ఒకనాడు దండకారణ్యంలో స్వామి శస్త్రధారణను ప్రశ్నించినదన్న విషయం భక్తులు స్మరించదగినది. తెలుగు సీమలోని సాము విద్యకు మూలసూత్రం ఆ సంవాదంలోనే ఉన్నది.

రాక్షసపీడితులైన మునులకు శ్రీరాముడు అభయమిచ్చిన పిమ్మట జానకి పలికిన హితవు అరణ్యకాండలో నవమ సర్గలో కనిపిస్తుంది. కామజనితములైన వ్యసనాలు మూడు. అవి అసత్యభాషణం, పరదారాభిలాష, వైరం లేకుండానే హింసకు పూనుకొనడం. మొదటి రెండూ రాముని దరి చేరవు. మూడవదానిని గూర్చియే ఆమె శంక. దానికి నిదర్శనంగా ఒక తపస్వి వృత్తాంతం చెప్పినది. ఇంద్రుడు యోధుని రూపంలో వచ్చి ఆ మునివద్ద ఒక ఖడ్గాన్ని న్యాసంగా ఉంచి వెళ్ళాడు. దానిని కాపాడవలెనన్న తలంపుతో ముని కందమూలాలకు వెళ్ళినపుడు సైతం ఖడ్గాన్ని వెంట తీసుకొనిపోయేవాడు. నిత్యసాహచర్యం వలన క్రమంగా అతని బుద్ధి క్రూరమై తపస్సు నశించినది. తుదకు నరకం ప్రాప్తించినది. అగ్నిసంయోగం వంటిదే శస్త్రసంయోగమని ఆ తల్లి బోధ.

రాముడు ఆ మాటను తిరస్కరించలేదు. స్నేహంతో పలికిన హితవుగా మన్నించాడు. ఆర్తనాదం వినబడకుండుటకే క్షత్రియుడు విల్లు ధరిస్తాడని, మునులకిచ్చిన ప్రతిజ్ఞను విడువజాలనని సమాధానమిచ్చాడు. శస్త్రాన్ని పట్టడానికి హేతువు ఆర్తరక్షణ. పట్టిన చేతిని కాపాడేది ఆత్మశంక. ఈ రెండూ కలిసినప్పుడే అది విద్య.

ఈ విద్యకు శాస్త్రరూపం అగ్నిపురాణంలోని ధనుర్వేద ప్రకరణంలో లభిస్తుంది. అందులో యుద్ధం 5 విధాలు: యంత్రముక్తం, పాణిముక్తం, ముక్తసంధారితం, అముక్తం, బాహుయుద్ధం. యంత్రం నుండి విడిచే బాణం మొదటిది, చేతితో విసరే శిల రెండవది, విసరి మరల గ్రహించే ఆయుధం మూడవది, చేయి విడువని ఖడ్గాదులు నాలుగవది, ఆయుధం లేని మల్లయుద్ధం ఐదవది. తూర్పు సముద్రానికి ఆవలి బర్మాదేశంలోనూ ఇట్టి విభాగమే కానవస్తుంది. అక్కడ థైంగ్ అని వ్యవహరించే యుద్ధవిద్యలో రిక్తహస్త సాధన బాండో, ఆయుధసాధన బాన్షే, ముష్టియుద్ధం లెథ్వే, మల్లయుద్ధం నబాన్. కోరంగి రేవు నుండి రంగూనుకు పోయిన తెలుగువారికి ఆ విద్యలు పూర్తిగా అపరిచితమైనవిగా తోచి ఉండవు.

శస్త్రం కంటే ముందు స్థానకం. సమపాదం, వైశాఖం, మండలం, ఆలీఢం, ప్రత్యాలీఢం మొదలైన నిలకడలను ఆ పురాణం వివరిస్తుంది. పాదాల మధ్య దూరం వైశాఖంలో 3 వితస్తులు, మండలంలో 4, ఆలీఢంలో 5. వితస్తి అనగా జానెడు. ఈ పేర్లే భరతముని నాట్యశాస్త్రంలోనూ ఉన్నవి. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి అయిన జాయపసేనాని 13వ శతాబ్దంలో నృత్తరత్నావళిని రచించాడు. గజసైన్యాన్ని నడిపినవాడే నృత్తశాస్త్రాన్ని రచించడంలో వింత లేదు. యుద్ధానికైనా నృత్తానికైనా పాదం కుదురుగా ఉండడమే ప్రథమ నియమం.

రాజ్యాలు అస్తమించినా ఈ విద్య గ్రామాలలో సాముగరిడీల రూపంలో నిలిచినది. గోదాలో దండీలు, బస్కీలు, మల్లబంధాలు. వెలుపల కర్రసాము, కత్తిసాము. శిష్యుడు నేలకు, గురువుకు నమస్కరించి కర్ర పడతాడు. అడుగు కుదిరిన తరువాతనే మణికట్టు తిరుగుతుంది; అది స్వాధీనమైన తరువాతనే కర్ర శిరస్సు చుట్టూ, పార్శ్వాలకు, వీపు వెనుకకు కవచంవలె పరిభ్రమిస్తుంది. దెబ్బ వేయడం కంటే దెబ్బను ఆపడం కష్టమైన విద్య.

ఈ నియమానికి నిదర్శనం గోదావరికి ఉత్తరాన ఉన్న మన్యం చరిత్రలోనే లభిస్తుంది. 1879లో రంపలో రగిలిన తిరుగుబాటు భద్రాచలం తాలూకాలోని రేకపల్లి వరకు వ్యాపించినది. అదే కొండల వరుసలో 1922లో అల్లూరి సీతారామరాజు సన్న్యాసివేషంతోనే ఆయుధం పట్టాడు. ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసి తుపాకులను తీసుకొన్నాడు. తీసుకొన్నదానిని ఠాణా దస్త్రంలోనే వ్రాసి సంతకం చేశాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, దళాన్ని నడిపిన ఇద్దరు ఆంగ్ల అధికారులపైననే ప్రహారం జరిగినది. పొదలలో దాగి, గురిలో చిక్కిన మనిషిని వదలగలగడమే సాధన. 1924 మే 7న ఆయన ప్రాణాలర్పించాడు.

నేడు సాము చాలావరకు ఉత్సవదృశ్యంగా మిగిలినది. అమలాపురంలో విజయదశమికి చెడీ తాలింఖానా నేటికీ వీధులలో సాగుతున్నది. కర్రసాము తిప్పే బాలురు, బాలికలు మరల కనబడుతున్నారు. ఇది సంతోషకరమే. అయితే కర్రను నేర్పి నియమాన్ని నేర్పకపోతే ఆ ముని చేతిలోని ఖడ్గమే మన పిల్లల చేతికిచ్చినవారమవుతాము. వేగానికి కరతాళధ్వనులు సులభంగా లభిస్తాయి. నిగ్రహానికి సాక్షి అంతరాత్మ ఒక్కటే.

ఈ విచారం ఆయుధం పట్టినవారికే పరిమితం కాదు. వాక్కు శస్త్రమే, అధికారం శస్త్రమే, విద్య సైతం శస్త్రమే. నిత్యం వెంట ఉంచుకొన్నది బుద్ధిని తన రూపంలోకి మార్చుకొంటుంది. భద్రాద్రిలో కోదండానికి నమస్కరించే భక్తుడు స్వామి అంకంపైనున్న తల్లి ప్రశ్నను కూడ హృదయంలో నిలుపుకొనవలెను: వైరం లేనిచోట ఈ చేయి ఎందుకు లేచినది?

సర్వం శ్రీసీతారామచంద్రార్పణమస్తు.