వెర్రిపాల తీగ: ఉబ్బసపు మందొకటి పరీక్షకు నిలిచిన చరిత్ర

కోరమాండల్ తీరమందలి నేలలలోను, దక్షిణాపథమందలి మెరకలయందును, వంగదేశపు పొదలలోను కంచెల నల్లుకొని పెరుగు సన్నని పాలతీగ యొకటి కలదు. తెలుగువారు దానిని వెర్రిపాల యనియు, కుక్కపాల యనియు, మేకమేయని ఆకు అనియు వ్యవహరింతురు. పశువు మూతి పెట్టని యాకును మనుష్యుడు పరగడుపున నమలి మ్రింగుటకు పూనుకొనెనన్నచో, మంచముపై మేను వాల్చలేక, మోకాళ్లపై మోచేతు లూని, తెల్లవారుదాక ఊపిరికై పెనుగులాడిన రాత్రులే యాతనిచే నంతటి సాహసమును చేయించి యుండవలెను. చరకసంహిత శ్వాసరోగమును ఐదు విధములుగా విభజించి, అందు తమకశ్వాసమునకు చెప్పిన లక్షణములు, పరుండినచో బాధ హెచ్చుటయు, కూర్చున్నచో కొంత ఊరట కలుగుటయు, నేటి ఉబ్బసరోగిని ఎదుట నిలిపి వ్రాసినట్లే యుండును.

ఈ తీగ పాశ్చాత్య వృక్షశాస్త్ర గ్రంథములలో చేరుట పదునెనిమిదవ శతాబ్దిలో జరిగినది. లిన్నేయస్ పండితుని కుమారుడు దీనికి ఉబ్బసమును సూచించు ఆస్క్లేపియాస్ ఆస్త్మాటికా యను నామము నొసగెను. ఆ పండితుని శిష్యుడగు కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, తీరదేశపు మొక్కలను పరిశీలించుచు పదునేడేండ్లు గడిపి, 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున కన్నుమూసెను. ఆయన మిత్రుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో కంపెనీవారి తోటను పెంచుచు, తెలుగునాటి ఓషధులను వర్ణించి, చిత్రకారులచేత బొమ్మలు వేయించినవాడు. వెర్రిపాల వేరును రాక్స్‌బర్గ్ స్వయముగా రోగుల కిచ్చి చూచెను. హైదరాలీతో జరిగిన 1780–83 నాటి యుద్ధమున చెరబడిన ఐరోపా సైనికులకు అది మిక్కిలి ఉపకరించెనని వ్రాసెను. అయితే అది ఉబ్బసమునకు కాదు. బ్రెజిల్ దేశమునుండి ఓడలపై రావలసిన ఇపెకాక్ వేరునకు బదులుగా, వమనము చేయించుటకును, రక్తగ్రహణిని కుదుర్చుటకును వాడిరి. పేరు ఉబ్బసమును జ్ఞప్తి యందుంచుకొన్నది. ఆసుపత్రులు మాత్రము దానిని విస్మరించినవి. 1844 నాటి బెంగాల్ ఫార్మకోపియాలోను, 1868 నాటి ఇండియా ఫార్మకోపియాలోను ఈ యాకు స్థానము సంపాదించినది ప్రధానముగా ఇపెకాక్‌కు ప్రత్యామ్నాయముగానే.

ఇట్టి సాక్ష్యములను తేలికగా త్రోసివేయుట నాకు సమ్మతము కాదు. అనుభవజ్ఞుడైన వైద్యుని చూపు విలువైనదే. కాని ఉబ్బసము స్వభావముచేతనే సాక్షిని మోసగించు వ్యాధి. ఋతువు మారినను, పుప్పొడి తగ్గినను, ఇంటి దుమ్ము తొలగినను, వైద్యునియందు నమ్మకము కుదిరినను శ్వాసనాళముల బిగువు సడలవచ్చును. ఆ సమయమున రోగి నోట నున్న ఆకునకే కీర్తియంతయు దక్కును. ఉబ్బసము తగ్గెనా యని యడుగుట చాలదు. ఆకు పుచ్చుకొననివానికి ఎంత తగ్గెనో కూడ తెలిసిననేగాని ఆకు చేసిన పని యింతయని నిర్ణయింప వీలులేదు.

ఆ ప్రశ్నకు తగిన పరీక్ష జరుగుటకు చాలకాలము పట్టినది. ఈలోగా రసాయనజ్ఞులు తమ పని తాము చేసిరి. 1935లో రత్నగిరీశ్వరన్, వేంకటాచలము అనువారు ఈ తీగనుండి టైలోఫోరిన్, టైలోఫోరినిన్ అను క్షారాభములను వేరుచేసిరి. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గోవిందాచారియు, ఆయన సహచరులును వాని నిర్మాణమును శోధించిరి.

పిమ్మట ఢిల్లీలోని వల్లభాయి పటేల్ ఛాతీరోగ సంస్థయందు డాక్టర్ శివపురియు, సహచరులును 1969లో ప్రకటించిన పరీక్ష వచ్చినది. 110 మంది రోగులలో కొందరు రోజునకొక ఆకు చొప్పున ఆరు దినములు నమలి మ్రింగిరి; తక్కినవారికి మందు లేని మారుపదార్థము నిచ్చిరి. ఎవరి కేది యిచ్చినదియు రోగికిగాని, ఫలితమును వ్రాసికొను వైద్యునికిగాని తెలియరాదు; కొంతకాలమునకు పక్షములను తారుమారు చేయుదురు. మొదటి వారము ముగియునప్పటికి ఆకు తిన్నవారిలో నూటికి 62 మందికి మధ్యమమునుండి సంపూర్ణము వరకు ఉపశమనము కనబడినది. మారుపదార్థము తిన్నవారిలోను నూటికి 28 మందికి అట్టి మేలే కలిగినది. ఈ రెండవ సంఖ్య నా దృష్టిలో మొదటిదానికంటె నెక్కువ విద్య గరపునది: ఏ మందును లేకయే నూటికి ఇంతమంది కుదుటబడు వ్యాధికి శతాబ్దములుగా ఎన్ని ఆకులకు యశస్సు దక్కి యుండునో కదా! 1972లో ఆకునుండి తీసిన ఆల్కహాలు సారమును గ్లూకోజుతో కలిపి యిచ్చిన పరీక్షలోను తేడా నిలిచినది గాని, అది కొంత సన్నగిల్లినది. నూటికి 56 మందికిని, 32 మందికిని మేలు జరిగినది.

ఇక చిక్కు ఆకు గుణమునందే యున్నది. దానిని నమలినవారిలో పలువురికి నోరు పూసినది, ఉప్పు రుచి కొన్నాళ్లు తెలియలేదు, కడుపులో త్రిప్పి వాంతియైనది. రాక్స్‌బర్గ్ మెచ్చుకొన్న వమనశక్తియే ఢిల్లీలో పరీక్షకు ఆటంకమైనది. నోరు మండినవాడు తనకు అసలైన ఆకే దక్కెనని గ్రహింపగా, కండ్లకు కట్టిన గంత సడలును, ఆశ తన పని తాను చేయును. అప్పుడు ఉపశమనములో ఆకు పాలెంత, ఆశ పాలెంత? 1979లో ప్రకటితమైన మరియొక ద్వంద్వాంధ పరీక్షలో ఆకు పుచ్చుకొన్నవారికిని, మారుమందు పుచ్చుకొన్నవారికిని లక్షణములయందుగాని, ఊపిరితిత్తుల సామర్థ్యమునందుగాని చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

మన ఓషధులను ప్రేమించువారు కొందరు మొదటి పరీక్షను చాటుచు, చివరిదానిని మరుగుపరతురు. వానిని ద్వేషించువారు తద్విరుద్ధముగా చేయుదురు. ఇద్దరును ఊపిరాడని రోగికి అన్యాయమే చేయుచున్నారని నా దృఢవిశ్వాసము. థొరాక్స్ అను పత్రికలో 2000 సంవత్సరమున ఉబ్బసపు మూలికా పరీక్షలను సమీక్షించిన పండితులు పదునేడింటిని పరిశీలింపగా, వానిలో ఐదు మన వెర్రిపాలకు సంబంధించినవే. ఏ మూలికకును నిశ్చయమైన నిదర్శనము లభింపలేదని వారు తేల్చిరి. కావలసినది ఆకువలెనే నోరు మండించునట్టి మారుమందును ముందుగా సిద్ధపరచి, ఆరు దినములకు మారుగా పెక్కు నెలలు రోగులను కనిపెట్టి, వారి మాటతోపాటు వారు ఊదు గాలి వేగమును గూడ దినదినమును కొలిచి వ్రాసికొను పరీక్ష.