పాతపట్నం ఎంపీ రాజీనామా

డిగ్రీ అయ్యాక బిజినెస్ లా చదువుతానంటే ఇప్పుడెవరూ వింతగా చూడరు. మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ, ఆ తర్వాత కాంట్రాక్టులు, కంపెనీలు, విలీనాలు. మధ్యలో లేబర్ లా అని ఓ పేపరుంటుంది. దాన్ని గట్టెక్కితే చాలనుకునేవాళ్ళకి పాతపట్నం ఎంపీ కథ చెప్పాలి.

మహేంద్రతనయ ఒడ్డున, పర్లాకిమిడిని ఆనుకుని ఉన్న పాతపట్నం ఇవాళ ఒక అసెంబ్లీ నియోజకవర్గం. 1952లో, మొదటి లోక్‌సభ ఎన్నికల నాటికి, ఆ పేరుతో మద్రాసు రాష్ట్రంలో ఒక పార్లమెంటు స్థానమే ఉండేది. అక్కణ్ణుంచి గెలిచిన వి.వి.గిరి నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు.

గిరి బరంపురంలో ప్లీడరుగా ఉన్న జోగయ్య పంతులుగారి కొడుకు. ఆ రోజుల్లో మద్రాసు యూనివర్సిటీలో బీఏ అయ్యాకే బీఎల్. కలిగినవాళ్ళ పిల్లలు బారిష్టరీకని సముద్రం దాటేవారు. గిరి 1913లో డబ్లిన్ వెళ్ళారు. అదే ఏడాది అక్కడి యజమానులు యూనియన్‌లో ఉండబోమని సంతకం పెట్టమన్నారు. ఒప్పుకోని వాళ్ళకి పని లేదు. దాదాపు 20,000 మంది కార్మికులు నెలల తరబడి వీధిన పడ్డారు. కాంట్రాక్ట్ చట్టం మొదటి పాఠంలో చెప్పే 'స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి', ఇంట్లో గింజలు లేనివాడి విషయంలో ఎంత స్వేచ్ఛ? ఆ ప్రశ్న తరగతి గది బయటే నిలబడి ఉంది. గిరి 1916లో బారిష్టరై తిరిగొచ్చి, తర్వాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల నాయకుడయ్యారు.

మంత్రిగా ఆయన వాదన ఒక్కటే: తగువుల్ని ట్రిబ్యునళ్ళకి తోసెయ్యకండి, యజమానీ యూనియనూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోనివ్వండి. దీన్నే 'గిరి పద్ధతి' అన్నారు. ప్రభుత్వంలో అది పెద్దగా సాగలేదు.

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదా వచ్చింది. 1954 ఏప్రిల్‌లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. ఆగస్టులో ప్రభుత్వం ఆ తీర్పును ఉద్యోగులకి నష్టం కలిగేలా మార్చింది. గిరి రాజీనామా చేశారు.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ట్రిబ్యునళ్ళంటే గిట్టని మనిషి ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవి వదులుకోవడమేంటి? పైకి తిరకాసులా ఉంటుంది గానీ, కాదు. మధ్యవర్తి వద్దనడం ఒక అభిప్రాయం. మధ్యవర్తి దగ్గరికి వెళ్ళమని ఇద్దర్నీ బలవంతపెట్టి, చెప్పిన మాట నచ్చలేదని దాన్ని దిద్దడం వేరే సంగతి. సమ్మె దారి మూసి ట్రిబ్యునల్ దారి చూపించిన ప్రభుత్వమే ఆ రెండో దారికీ అడ్డుపడితే ఉద్యోగి ఎక్కడికి పోవాలి?

తర్వాత జస్టిస్ గజేంద్రగడ్కర్ కమిషన్ విచారణ జరిపి, కొన్ని మార్పులతో ట్రిబ్యునల్ తీర్పునే నిలబెట్టమంది. 1955లో పార్లమెంటు అందుకు చట్టం చేసింది. గిరి మాత్రం మళ్ళీ కేంద్రమంత్రి కాలేదు. 1969లో రాష్ట్రపతి అయ్యారు.

వ్యాపారానికి చట్టం ఎందుకు అవసరమంటే, రేపు మాట మారదన్న నమ్మకం కోసం. కంపెనీలు ఆ నమ్మకాన్ని లాయర్లకి ఫీజులిచ్చి కొనుక్కోగలవు. కౌంటర్ వెనక కూర్చున్న గుమాస్తాకి ఆ తీర్పు కాగితమే దిక్కు. బిజినెస్ లా చదివి రేపు ఒప్పందాలు రాయబోయేవాళ్ళు, బల్లకి అవతలి వైపు సంతకం పెట్టేది ఎవరో కూడా చూడాలి. లేబర్ లా పేపరు సిలబస్‌లో ఉన్నది అందుకే.