రాత్రి చీకటిగా ఎందుకుంటుంది? (విశ్వం సైజు కథ)

రాత్రిపూట ఆకాశం నల్లగా ఎందుకుంటుందండీ?

"సూర్యుడు ఉండడు కాబట్టి" అని చిన్నప్పుడు మనందరం చెప్పే ఉంటాం. తప్పేం కాదు. కానీ ఈ ప్రశ్నకీ, విశ్వానికి అంతు ఉందా లేదా అన్న ప్రశ్నకీ నాలుగొందల ఏళ్ళుగా ఒక లంకె ఉంది. విశ్వం అనంతం అనేవాళ్ళని "ముందు ఈ చీకటి సంగతి తేల్చండి" అని నిలదీసినాయన యోహాన్నెస్ కెప్లర్. ఆయన దగ్గరికి రావాలంటే ముందు కొంచెం వెనక్కెళ్ళాలి.

అరిస్టాటిల్ లెక్కలో విశ్వం పరిమితం. వాదన భలే సింపుల్: నక్షత్రాలన్నీ రోజుకోసారి మన చుట్టూ తిరుగుతున్నాయి కదా, అంతులేని వస్తువు ఒక్క రోజులో ఒక చుట్టు పూర్తి చెయ్యడం ఎలా కుదురుతుంది? కాబట్టి అంతు ఉండాల్సిందే. క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే ఆర్కైటస్ అనే గ్రీకు ఆయన దీనికి అడ్డంగా ఒక తుంటరి ప్రశ్న వేశాడు. నేను ఆ అంచు దాకా వెళ్ళి చేతికర్ర బయటికి చాపితే? చాపగలిగితే అవతల చోటున్నట్టే. చాపలేకపోతే అడ్డుకునేదేదో అవతల ఉన్నట్టే. ఎటు తిరిగినా అంచు అంచు కాకుండా పోతుంది. దీనికి సరైన జవాబు 19వ శతాబ్దం దాకా రాలేదు, అది తర్వాత చెప్తాను.

1543లో కోపర్నికస్ భూమిని తిప్పేసరికి అరిస్టాటిల్ వాదన పునాదే లేచిపోయింది. తిరిగేది భూమి అయితే నక్షత్రాలు తిరగక్కర్లేదు. తిరగక్కర్లేనప్పుడు పరిమితంగానూ ఉండక్కర్లేదు. కోపర్నికస్ మాత్రం ఆ గొడవ తత్వవేత్తలకి వదిలేసి తప్పుకున్నాడు (తెలివైనవాడు!). 1576లో ఇంగ్లండులో థామస్ డిగ్గెస్ వాళ్ళ నాన్న రాసిన పంచాంగం లాంటి పుస్తకాన్ని మళ్ళీ అచ్చేస్తూ, చివర్లో కోపర్నికస్ సిద్ధాంతాన్ని చేర్చి, బొమ్మలో నక్షత్రాలని పేజీ అంచుల దాకా వెదజల్లేశాడు. 1584లో బ్రూనో అనంత విశ్వం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆయన్ని 1600 ఫిబ్రవరి 17న రోములో సజీవంగా తగలబెట్టారు. "సైన్సు కోసం ప్రాణాలిచ్చాడు" అని ఫార్వర్డ్ మెయిళ్ళలో వచ్చేది సగం నిజమే. ఆయన మీద మోపిన నేరాల్లో ఎక్కువ భాగం మత సిద్ధాంతాలకి సంబంధించినవి, లెక్కలేనన్ని లోకాలున్నాయనడం వాటిల్లో ఒకటి.

ఇక కెప్లర్. అనంతం అన్న ఊహే ఆయనకి పడదు. 1610లో గెలీలియో టెలిస్కోపులో కంటికి కనపడని నక్షత్రాలు కుప్పలుతెప్పలుగా కనపడ్డాయని రాస్తే, అనంతవాదులు సంబరపడకముందే కెప్లర్ ప్రాగ్ నుంచి జవాబు రాశాడు. దట్టమైన అడవి మధ్యలో నిలబడ్డారనుకోండి. ఎటు చూసినా ఏదో ఒక చెట్టు మాను అడ్డొస్తుంది కదా? అలాగే విశ్వం అంతులేకుండా నక్షత్రాలతో నిండి ఉంటే, ఎటు చూసినా చూపు ఏదో ఒక నక్షత్రం మీదే ఆగాలి. అంటే ఆకాశం మొత్తం సూర్యుడి ముఖంలా మండుతూ ఉండాలి. అలా లేదు కాబట్టి విశ్వం పరిమితం. (అడవి పోలిక తర్వాత వాళ్ళది, వాదన మాత్రం ఆయనదే.)

"దూరం పోయేకొద్దీ వెలుగు తగ్గుతుంది కదా" అంటారా? తగ్గుతుంది, దూరం రెట్టింపైతే నాలుగో వంతుకి. కానీ రెట్టింపు దూరంలో ఉన్న పొరలో నక్షత్రాలు నాలుగు రెట్లుంటాయి. చెల్లుకి చెల్లు. ప్రతి పొరా సమానంగా వెలుగిస్తుంది, పొరలేమో అనంతం.

తమాషా ఏంటంటే అదే శతాబ్దంలో న్యూటన్ గురుత్వాకర్షణ సరిగ్గా ఉల్టా చెప్పింది. పదార్థం పరిమితమైన చోటులో ఉంటే అంతా మధ్యకి కూలిపోవాలి, కాబట్టి అనంతంగా పరుచుకుని ఉండాలి అని 1692లో బెంట్లీ అనే మతగురువుకి రాసిన ఉత్తరాల్లో వాదించాడు. మళ్ళీ అలా నిలబడటం కూడా అనంతమైన సూదుల్ని మొనల మీద నిలబెట్టినంత కష్టమని తనే ఒప్పుకున్నాడు. గురుత్వం అనంతం అంటోంది, చీకటి కాదంటోంది.

తర్వాత చాలామంది ప్యాచ్‌లు వేశారు. 1744లో షెజో, 1823లో ఓల్బర్స్ (పేరు ఈయనకి దక్కింది, "ఓల్బర్స్ పారడాక్స్" అని) మధ్యలో ఏదో పదార్థం వెలుగుని మింగేస్తోందన్నారు. అదీ కుదరదు, వెలుగుని మింగిన పదార్థం వేడెక్కి చివరికి తనే వెలగాలి.

అసలు సొల్యూషన్ వైపు మొదట వేలు చూపించింది ఎవరనుకున్నారు? దెయ్యాల కథలు రాసుకునే ఎడ్గార్ అలన్ పో! 1848లో "యురేకా" అనే పుస్తకంలో, బహుశా దూరపు నక్షత్రాల వెలుగు ఇంకా మనదాకా చేరలేదేమో అన్నాడు. కెప్లర్ వాదనలో పైకి చెప్పని ఊహ ఒకటుంది: నక్షత్రాలు ఎప్పట్నుంచో వెలుగుతూనే ఉన్నాయని. దాన్ని తీసేస్తే చీకటి వల్ల తేలేది విశ్వం సైజు పరిమితమని కాదు, దాని వయసు పరిమితమని. ఇప్పటి లెక్క ప్రకారం ఆ వయసు 1,380 కోట్ల సంవత్సరాలు.

నిజానికి కెప్లర్ చెప్పిన వెలుగు గోడ ఉంది కూడా. 1965లో పెంజియస్, విల్సన్ ప్రకటించిన మైక్రోవేవ్ వెలుగు అదే. విశ్వానికి సుమారు 3 లక్షల 80 వేల ఏళ్ళప్పుడు 3,000 డిగ్రీల దగ్గర మండిన వెలుగు, విశ్వం వ్యాకోచించడం వల్ల దాదాపు 1,100 రెట్లు సాగి మన కంటికి అందకుండా పోయింది. ఆకాశం చీకటిగా లేదన్నమాట, మన కళ్ళకి ఆ బ్యాండ్ రాదంతే :)

ఇప్పుడు ఆర్కైటస్ కర్ర దగ్గరికొద్దాం. 1854లో రీమాన్ తేల్చి చెప్పాడు: హద్దు లేకపోవడం వేరు, అంతు లేకపోవడం వేరు. నోకియా 3310లో స్నేక్ ఆడారు కదా? పాము కుడి పక్క నుంచి పోతే ఎడమ పక్క నుంచి వస్తుంది. దానికి గోడ ఎక్కడా తగలదు, అయినా స్క్రీన్ చిన్నదే. 1917లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన విశ్వం కూడా పరిమితమే, అంచు మాత్రం లేదు. 1922, 1924లలో రష్యాలో ఫ్రీడ్‌మన్ అవే సమీకరణాల నుంచి వ్యాకోచించే విశ్వాలు రాబట్టాడు, పరిమితమైనదీ, అనంతమైనదీ రెండూ. మొదటి పేపర్లో లెక్క తప్పిందని ఐన్‌స్టీన్ అచ్చులో అన్నాడు, మరుసటి ఏడాది ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

అంటే ఇక కొలవడమే మార్గం. 1998-99లో అంటార్కిటికా మీద ఎగిరిన బూమరాంగ్ బెలూన్, తర్వాత డబ్ల్యూమ్యాప్, ప్లాంక్ ఉపగ్రహాలు ఆ మైక్రోవేవ్ వెలుగులోని మచ్చల సైజు కొలిచి స్పేస్ దాదాపు చదునుగా ఉందని చెప్పాయి. ప్లాంక్ 2018 ఫలితాల్ని ఇతర కొలతలతో కలిపితే తేడా వెయ్యిలో రెండో మూడో వంతులకి మించదు. "చదును కాబట్టి అనంతం" అని చాలా చోట్ల రాసేస్తుంటారు. నాకు దీంతోనే పేచీ. స్నేక్ స్క్రీన్ కూడా చదునే! ఇది కెప్లర్ వేసిన గెంతే, దిశ మాత్రం మారింది.

ఇంకో తిరకాసు ఉంది. మనకి కనపడేది అన్ని వైపులా సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరం వరకే. విశ్వం పరిమితమై, దానికన్నా చిన్నదైతే పట్టుకోవచ్చు, ఒకే చోటు రెండు దిక్కుల్లో కనపడుతుంది. అనంతమైతే మాత్రం ఏ కొలతా దాన్ని రుజువు చెయ్యలేదు. టెస్టింగ్‌లో బగ్ ఉందని చూపించగలం కానీ అస్సలు లేదని చూపించలేం కదా, అదే సంగతి.

2003లో ల్యుమినే, ఆయన సహచరులు విశ్వం 12 ముఖాల బంతిలాంటి పరిమిత ఆకారమేమో అని నేచర్ పత్రికలో రాశారు. అది నిజమైతే మైక్రోవేవ్ ఆకాశంలో ఒకేలాంటి వలయాల జంటలు కనపడాలి. డబ్ల్యూమ్యాప్ డేటాలో వెతికారు, దొరకలేదు. ప్లాంక్ డేటాలోనూ దొరకలేదు. కానీ వలయాలు కనపడనంత మాత్రాన పరిమిత ఆకారాలన్నీ కొట్టుకుపోవని, వలయాలు లేకుండానే జాడ మిగిల్చేవి చాలా ఉన్నాయని కాంపాక్ట్ అనే శాస్త్రవేత్తల బృందం 2024లో చూపించింది. ఇప్పుడు వాళ్ళు వెతుకుతున్నది ఆ జాడల కోసమే.