ఎస్సీ వర్గీకరణ: తీర్పు తర్వాత మిగిలిన లెక్క

పంజాబ్ రాష్ట్రం వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో ఎస్సీ కులాల ఉపవర్గీకరణను అనుమతిస్తూ 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పంజాబ్ వ్యాజ్యంలో వెలువడింది గానీ, అది కొట్టివేసిన పాత తీర్పు మన నేలది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వర్గీకరణ కోరుతూ 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం, ఆ తర్వాత జస్టిస్ రామచంద్రరాజు కమిషన్, ఎస్సీ రిజర్వేషన్లను గ్రూపులుగా విభజించిన 2000 నాటి వర్గీకరణ చట్టం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆ చట్టాన్ని 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెల్లదంది. రాజ్యాంగంలోని 341వ అధికరణ కింద రాష్ట్రపతి ప్రకటించిన జాబితాలోని కులాలన్నీ ఒకే తరగతి అనీ, దాన్ని విడదీసే అధికారం రాష్ట్రాలకు లేదనీ ఆనాటి వాదం.

దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు సభ్యుల ధర్మాసనం 6:1 మెజారిటీతో ఈ వాదాన్ని తోసిపుచ్చింది. జస్టిస్ బేలా త్రివేది ఒక్కరే విభేదించారు. జాబితాలో చేరినంత మాత్రాన కులాల మధ్య అంతరాలు చెరిగిపోవని మెజారిటీ గుర్తించింది. పల్లెల్లో ఆ అంతరాలను చూస్తూ పెరిగినవారికి ఇది ఎప్పుడో రావలసిన మాట. అయితే కోర్టు ఇచ్చిన అనుమతికి షరతు ఉంది: ఉపవర్గానికి తగిన ప్రాతినిధ్యం లేదని రాష్ట్రం లెక్కలతో రుజువు చేయాలి, ఆ లెక్కలు న్యాయసమీక్షకు నిలవాలి. అంటే వర్గీకరణకు ప్రమాణం వెనుకబాటు, ప్రాతినిధ్యపు కొరత. కేవలం జనసంఖ్య కాదు.

జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ సిఫార్సుల మేరకు తెలంగాణ చేసిన చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేశారు. ఎస్సీ జనాభాలో 62.74 శాతం ఉన్న రెండో గ్రూపుకు 9 శాతం, 33.96 శాతం ఉన్న మూడో గ్రూపుకు 5 శాతం దక్కాయి. ఎస్సీల మొత్తం 15 శాతం రిజర్వేషన్‌ను జనాభా నిష్పత్తిలో పంచితే వచ్చేది 9.41, 5.09. కేటాయింపులు దాదాపు అక్కడే ఆగాయి. అత్యంత వెనుకబడిన 15 కులాల మొదటి గ్రూపు విషయంలోనే నిష్పత్తిని దాటారు. 3.288 శాతం జనాభాకు అర శాతం లోపే రావలసి ఉండగా ఒక శాతం ఇచ్చారు. ఈ నిర్ణయం న్యాయమైనదే. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది మూడు గ్రూపులకు 1, 6.5, 7.5 శాతాలుగా విభజించింది.

తెలంగాణ మొదటి గ్రూపుకిచ్చిన ఆ ఒక్క శాతం ఆచరణలో ఏమవుతుందన్నదే నా ఆందోళన. ఏ పోస్టు ఏ వర్గానికో నిర్ణయించే రోస్టర్ వంద పాయింట్లది. ఒక కేటగిరీలో వంద నియామకాలు జరిగితే మొదటి గ్రూపుకు ఒక్క పోస్టు. ఏటా పది ఖాళీలు భర్తీ చేసే శాఖలో ఆ చక్రం తిరగడానికి పదేళ్లు పడుతుంది. ఆ ఒక్క పోస్టు కోసం బేడ బుడగ జంగం, డక్కలి, మాష్టి, మెహతర్ వంటి పదిహేను కులాల పిల్లలు పోటీపడాలి. అర్హులు దొరక్కపోతే ఖాళీ తర్వాతి గ్రూపుకు వెళుతుంది. మాదిగలను ఆశ్రయించి బతికిన డక్కలి కుటుంబంలో డిగ్రీ దాకా చదివే బిడ్డ లేకపోతే, చట్టంలోని శాతం ఆ గడప తొక్కదు. హాస్టళ్లు, కోచింగ్, కులధ్రువీకరణ పత్రం సులువుగా అందడం రోస్టర్ కంటే ముందు జరగాలి. సంచార కులాలకు ఆ పత్రమే పెద్ద అడ్డంకి.

లెక్కల పునాది కూడా పాతదే. ఈ శాతాలకు ఆధారం 2011 జనగణన. 2027 జనగణన ఫలితాలు వచ్చాక వాటిని తిరిగి చూడాలి. ఈలోగా రెండు ప్రభుత్వాలూ శాఖలవారీగా, కులాలవారీగా ఏటా ఎన్ని నియామకాలు జరిగాయో, మొదటి గ్రూపు పోస్టుల్లో ఎన్ని ఇతర గ్రూపులకు మళ్లాయో శాసనసభ ముందుంచాలి. కోర్టు అడిగే రుజువూ, ఆ పదిహేను కులాలకు దక్కాల్సిన జవాబూ ఆ పట్టికల్లోనే ఉంటాయి.