యూరిథేన్ పారిశ్రామిక పూతలు

లోహం, కాంక్రీటు, కర్ర, ప్లాస్టిక్‌లను ఎండ, తేమ, రాపిడి, రసాయనాల నుంచి కాపాడేందుకు వేసే పాలీయూరిథేన్ రంగులను, వార్నిష్‌లను యూరిథేన్ పూతలు అంటారు. పెయింటర్ల వాడుకలో ఇవి ‘పీయూ’. వంతెనలు, రైలు పెట్టెలు, విమానాలు, కార్లు, ఫ్యాక్టరీ నేలలు, పార్కింగ్ అంతస్తులు వీటి ప్రధాన మార్కెట్. ఈ రంగంతో హైదరాబాద్‌కు రెండు వైపులా సంబంధం ఉంది. హైటెక్ సిటీ ఈ పూతలను వాడుతుంది. నగరంలోని ప్రయోగశాలలు వీటి రసాయనం మీద, ముడిసరుకైన ఆముదం మీద పనిచేస్తాయి.

రసాయనం

జర్మనీలోని లెవర్‌కూసెన్‌లో ఓటో బేయర్, ఆయన సహచరులు 1937లో పాలీయూరిథేన్‌ను కనుగొన్నారు. ఐసోసయనేట్ అనే రసాయనం హైడ్రాక్సిల్ సమూహాలున్న పాలియాల్‌తో కలిసినప్పుడు యూరిథేన్ బంధం ఏర్పడుతుంది. టీడీఐ, ఎండీఐ వంటి ఆరోమాటిక్ ఐసోసయనేట్లు చవక, కానీ ఎండకు పసుపెక్కుతాయి. అందుకే బయటి పనులకు హెచ్‌డీఐ, ఐపీడీఐ వంటి ఖరీదైన ఆలిఫాటిక్ రకాలు వాడతారు. ఉక్కు కట్టడాలకు సాధారణంగా జింక్ ప్రైమర్, ఎపాక్సీ మధ్యపూత, పైన పీయూ వేస్తారు. ఎపాక్సీ ఎండకు సుద్దలా రాలుతుంది కాబట్టి మెరుపును, రంగును నిలిపే బాధ్యత పైపూతదే.

మార్కెట్

ఐసోసయనేట్ తయారీకి విషవాయువు ఫాస్జీన్ కావాలి, భారీ పెట్టుబడీ కావాలి. అందుకే ప్రపంచ సరఫరాలో ఎక్కువ భాగం చైనాకు చెందిన వాన్‌హువా, జర్మనీకి చెందిన కోవెస్ట్రో, బీఏఎస్‌ఎఫ్ వంటి కొద్ది కంపెనీల చేతిలో ఉంది. ఒక్క పెద్ద ప్లాంటు ఆగినా రంగుల ధర కదులుతుంది. భారత్‌లో టీడీఐని గుజరాత్‌లోని జీఎన్‌ఎఫ్‌సీ తయారుచేస్తుంది. పూతల అమ్మకంలో పీపీజీ, షెర్విన్-విలియమ్స్, ఆక్జోనోబెల్ అగ్రగాములు.

పాలియాల్ వైపు మాత్రం భారత్‌కు బలముంది. ఆముదం నూనెలో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. దానిలో హైడ్రాక్సిల్ సమూహం పుట్టుకతోనే ఉంటుంది. సోయా నూనెకు రసాయన మార్పు చేస్తే తప్ప రాని గుణమిది. ప్రపంచ ఆముదంలో సింహభాగం భారత్‌దే. పంటలో గుజరాత్ ముందుంటే, తెలంగాణలో మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాలకు ఈ మెట్టపంట పాత పరిచయం.

హైదరాబాద్‌లో

రాజేంద్రనగర్‌లోని భారత నూనెగింజల పరిశోధన సంస్థ ఆముదం వంగడాలపై పనిచేస్తుంది. తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) 1944లో మొదలైంది. అక్కడి డి.కె. చట్టోపాధ్యాయ్, కె.వి.ఎస్.ఎన్. రాజు పాలీయూరిథేన్ పూతల నిర్మాణంపై 2007లో రాసిన సమీక్షా వ్యాసం ఈ రంగంలో విస్తృతంగా ఉదహరించబడుతోంది.

1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం వైపు కార్యాలయ భవనాలు పెరిగాయి. ఇలాంటి భవనాల పార్కింగ్ అంతస్తుల్లో కాంక్రీటుపై ప్రైమర్, సాగే పీయూ పొర, టైర్లు జారకుండా ఇసుక, పైన ఎండకు ఆగే పూత వరుసగా వేస్తారు. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కూ పీయూ వాడతారు. ఇళ్లలో టేకు తలుపులకు వేసే ‘పీయూ పాలిష్’ సామాన్యులకు ఎక్కువ తెలిసిన రూపం.

సైట్‌లో పని రెండు డబ్బాలతో మొదలవుతుంది: బేస్, హార్డెనర్. రెంటినీ కంపెనీ చెప్పిన కొలతలో డ్రిల్‌కు బిగించిన కలిపే కడ్డీతో కలుపుతారు. అప్పటి నుంచి ‘పాట్ లైఫ్’, అంటే కలిపిన రంగు వాడకానికి పనికొచ్చే గడువు, లెక్క మొదలవుతుంది. మే నెల ఎండలో అది ఇంకా కుంచించుకుపోతుంది. వానాకాలంలో సమస్య వేరు. ఐసోసయనేట్ తేమతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది, పూతలో బుడగలు, సూదిరంధ్రాలు పడతాయి. అందుకే ఉపరితల ఉష్ణోగ్రత మంచుబిందు స్థాయి కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్న నియమం పాటిస్తారు.

భద్రత

పూర్తిగా గట్టిపడిన పూత మామూలు వాడకంలో ప్రమాదకరం కాదు. స్ప్రే చేసేటప్పుడు పీల్చే ఐసోసయనేట్ తుంపరలు ఉబ్బసానికి దారితీయవచ్చు. ఒకసారి అలర్జీ పట్టుకున్నవారికి ఆ తర్వాత అతి తక్కువ మోతాదు కూడా చాలు. స్వేచ్ఛా డైఐసోసయనేట్ 0.1 శాతం మించిన సరుకును పనిలో వాడేవారికి ఐరోపా సమాఖ్య 2023 ఆగస్టు 24 నుంచి శిక్షణను తప్పనిసరి చేసింది. ద్రావకాలు తగ్గించిన నీటి ఆధారిత పీయూ రకాలూ విస్తరిస్తున్నాయి. అయితే వాటిలోనూ రెండు డబ్బాల రకానికి హార్డెనర్ సాధారణంగా ఐసోసయనేటే కాబట్టి, మాస్కు, గాలి వెలుతురు అవసరం తీరిపోదు.